దేనిలో ఎంత? ప్రవేశ పరీక్షల్లో దత్తాంశం, సంభావ్యత లెక్కల సాధన

ఐదు పరీక్షల్లో ఒక విద్యార్థి సగటు 82. ఆరో పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకుంటే సగటు 84కి చేరుతుంది? మిడిల్ స్కూలు ప్రవేశ పరీక్షల్లో ఈ లెక్క ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటుంది. కింద ఆప్షన్లు ఇంచుమించు ఇలా ఉంటాయి: 84, 86, 92, 94. పిల్లల చూపు ముందుగా 86 మీద పడుతుంది. 82కి, 86కి నడిమధ్య 84 ఉంది కదా అన్నది వాళ్ల తర్కం. 92 వెనక కూడా ఒక తర్కం ఉంది: ఐదు పరీక్షలకు రెండేసి మార్కులు పెరగాలి, అంటే 10, దాన్ని 82కి కలిపితే 92.

ఈ రెండు దారుల్లోనూ కూడిక తప్పలేదు. తప్పిందల్లా ఎన్నింటిలో ఎంత అన్న లెక్క. 82 అన్నది ఒక్క పరీక్ష మార్కు కాదు, ఐదు పరీక్షల మొత్తం 410ని సమానంగా పంచితే వచ్చిన వాటా. ఆరు పరీక్షలకు సగటు 84 కావాలంటే మొత్తం 504 ఉండాలి. 504లో 410 పోతే 94. రెండో దారిలో వెళ్లినా ఇదే రావాలి: పాత ఐదింటికి రెండేసి చొప్పున 10 లోటు పూడ్చాలి, ఆపైన ఆరో పరీక్ష తన వాటా 84 తాను తెచ్చుకోవాలి. 84కి 10 కలిపితే 94. 92 గుర్తించిన విద్యార్థి దారి మంచిదే, చివరి అడుగులో ఆరో పరీక్షకు కూడా 84 వాటా ఉందన్న సంగతి మరిచిపోయాడు.

ఈ విభాగంలో కనిపించే సూత్రాలన్నీ ఒక్క పేజీలో పడతాయి. భాగహారం, భిన్నాలు, శాతాలు దాటి కొత్త గణితమేదీ ఉండదు. అయినా మార్కులు పోతాయి, ఎందుకంటే దాదాపు ప్రతి ప్రశ్నా హారం దగ్గర ఉచ్చు పన్నుతుంది. సగటులో హారం ఎంతమంది అన్నది, గ్రాఫులో స్కేలు, వృత్తరేఖాచిత్రంలో మొత్తం, శాతంలో మూలం, సంభావ్యతలో అన్ని పర్యవసానాల సంఖ్య. పేర్లు వేరు, ప్రశ్న ఒకటే: దేనిలో? సాధన అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ అల్లుకుంటే వంద లెక్కలు చేసిన ఫలితం ముప్పై లెక్కల్లో వస్తుంది.

సగటుల సగటు

12 మంది ఉన్న తరగతిలో సగటు 70, 8 మంది ఉన్న తరగతిలో సగటు 80. రెండు తరగతులూ కలిపితే సగటు ఎంత? 75 అన్న ఆప్షన్ తప్పకుండా ఉంటుంది. సరైన దారి: 12 × 70 = 840, 8 × 80 = 640, మొత్తం 1480, మనుషులు 20 మంది, సగటు 74. లెక్క చేయకముందే ఒక అంచనా వేసుకోవచ్చు. ఎక్కువమంది ఉన్నది 70 వైపు, కాబట్టి జవాబు 75 కంటే తక్కువే ఉండాలి. నాలుగు ఆప్షన్లలో రెండు ఇక్కడే ఎగిరిపోతాయి. జవాబు వచ్చాక త్రాసులా సరిచూసుకోవచ్చు: 74 నుంచి 70 దూరం 4, 12 మందికి 48. 74 నుంచి 80 దూరం 6, 8 మందికి 48. రెండు తట్టలూ సమానం, జవాబు సరే.

వేగం లెక్క కూడా ఇదే ఉచ్చుకు ఇంకో ముసుగు. వెళ్లేటప్పుడు 60 కిలోమీటర్లు గంటకు 30 చొప్పున, వచ్చేటప్పుడు అదే దూరం గంటకు 60 చొప్పున. సగటు వేగం 45 కాదు. వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 1 గంట, మొత్తం 120 కిలోమీటర్లకు 3 గంటలు, అంటే గంటకు 40. సగటు వేగంలో హారం ప్రయాణాల సంఖ్య కాదు, గంటలు. నెమ్మదిగా నడిచిన గంటలు ఎక్కువ కాబట్టి జవాబు 30 వైపుకు ఒరుగుతుంది.

మధ్యగతం, బాహుళకం, వ్యాప్తి (పిల్లల నోట మీడియన్, మోడ్, రేంజ్; అంటే వరసలో నడుమది, ఎక్కువసార్లు వచ్చినది, పెద్దదానికీ చిన్నదానికీ తేడా) సులువైనవే కాబట్టి త్వరగా దాటవచ్చు. మధ్యగతంలో తప్పు ఒకటే రకం: వరసలో పెట్టకుండానే మధ్యలో ఉన్నది తీసుకోవడం. 14, 9, 21, 9, 17, 12 అన్న సంఖ్యలను ఉన్నవి ఉన్నట్టు చూస్తే మధ్యలో 21, 9 ఉన్నాయి, వాటి సగటు 15. వరసలో పెడితే 9, 9, 12, 14, 17, 21. మధ్యలో 12, 14. మధ్యగతం 13. పరీక్షలో 15 ఒక ఆప్షన్‌గా ఉంటుందని వేరే చెప్పనక్కర్లేదు. వరస రాసేటప్పుడు రెండుసార్లు వచ్చిన సంఖ్యను ఒక్కసారే రాసేయడం ఇంకో పొరపాటు. రాసిన తర్వాత సంఖ్యలను లెక్కపెట్టి అసలు ప్రశ్నలోని సంఖ్యతో పోల్చుకుంటే అయిదు సెకన్లలో అది పట్టుబడుతుంది.

ఇంతకంటే రుచికరమైన ప్రశ్న ఏమిటంటే, ఒక సంఖ్య మారితే ఏది మారుతుంది అన్నది. పై జాబితాలో 21ని 81 చేస్తే మొత్తం 60 పెరుగుతుంది, ఆరింటికి పంచితే సగటు సరిగ్గా 10 పెరుగుతుంది. మధ్యగతం కదలదు, బాహుళకం కదలదు, వ్యాప్తి 12 నుంచి 72కి దూకుతుంది. కొత్త సగటు కనుక్కోవడానికి మళ్లీ ఆరు సంఖ్యలూ కూడే పిల్లలు ఉంటారు, అది వృథా శ్రమ. పెరిగింది ఎంత, ఎంతమందికి పంచాలి అన్నది చాలు. అలాగే అన్ని సంఖ్యలకూ 5 కలిపితే సగటు, మధ్యగతం, బాహుళకం ఐదేసి పెరుగుతాయి, వ్యాప్తి మాత్రం అలాగే ఉంటుంది, చివరలు రెండూ కలిసే జరుగుతాయి కాబట్టి. అన్నింటినీ రెట్టింపు చేస్తే నాలుగూ రెట్టింపవుతాయి.

పట్టికలో రెండు వరసలు

పౌనఃపున్య పట్టిక దగ్గరే ఎక్కువమంది తడబడతారు. ఒక ఉదాహరణ నిదానంగా చూడాలి. 20 మంది విద్యార్థులు ఒక నెలలో చదివిన పుస్తకాలు: 0 పుస్తకాలు 3 మంది, 1 పుస్తకం 5 మంది, 2 పుస్తకాలు 6 మంది, 3 పుస్తకాలు 4 మంది, 4 పుస్తకాలు 2 మంది.

మొత్తం పుస్తకాలు: 0 + 5 + 12 + 12 + 8 = 37. విద్యార్థులు 20. సగటు 1.85. ఇదే పట్టిక నుంచి మూడు తప్పుడు సగటులు పుట్టుకొస్తాయి. 0 నుంచి 4 వరకు ఉన్న అయిదు సంఖ్యల సగటు తీస్తే 2 వస్తుంది, ఎంతమంది అన్న వరసను అసలు చూడనట్టే. మనుషుల సంఖ్యలు కూడి 5తో భాగిస్తే 4 వస్తుంది, అది పుస్తకాల సగటు కాదు, ఒక్కో గడిలో ఉన్న మనుషుల సగటు. ఏమీ చదవని ముగ్గురిని వదిలేసి 37ని 17తో భాగిస్తే 2 దాటిపోతుంది. సున్నా చదివినవాళ్లు కూడా మనుషులే, హారంలో వాళ్లకు చోటుంది. ఒక్కో తప్పు ఏ వరసను మరిచిపోతే వచ్చిందో పిల్లలే చెప్పగలిగితే ఈ అంశం పూర్తయినట్టు లెక్క.

ఈ పట్టికలో బాహుళకం 2, 6 కాదు. 6 అన్నది ఎంతమంది అన్న సంఖ్య, 2 అన్నది వాళ్లు చదివిన పుస్తకాలు. మధ్యగతానికి 10వ, 11వ విద్యార్థి ఎక్కడ పడతారో చూడాలి. మొదటి ముగ్గురు 0లో, 8వ విద్యార్థి వరకు 1లో, 14వ విద్యార్థి వరకు 2లో. ఇద్దరూ 2లోనే ఉన్నారు, మధ్యగతం 2. వ్యాప్తి 4 − 0 = 4. ఇక్కడ ఒక చిన్న ప్రమాదం దాగి ఉంది. తప్పు వరస తీసుకుని 6 − 2 చేసినా 4 వస్తుంది. జవాబు సరిపోయింది కదా అని టిక్కు పెట్టేస్తే తప్పు దారి ఖాయమైపోతుంది. అందుకే సాధనలో జవాబు ఒక్కటే దిద్దితే చాలదు, ఎలా వచ్చిందో ఒక వాక్యంలో చెప్పించాలి.

గ్రాఫు చదవడం

గ్రాఫు ప్రశ్నలో మొదటి పది సెకన్లు ప్రశ్న మీద కాకుండా బొమ్మ మీద పెట్టాలి. శీర్షిక, రెండు అక్షాల పేర్లు, స్కేలు ఎక్కడ మొదలవుతోంది, ఒక గీత ఎంత విలువ, సూచిక. ఈ క్రమం వేలితో చూపిస్తూ అలవాటు చేస్తే తర్వాత కన్ను దానంతటదే అలా తిరుగుతుంది.

నిలువు అక్షం 40 దగ్గర మొదలై, ఒక్కో గీత 5 అనుకుందాం. 45 చూపే కమ్మీ ఒక గీత పొడవు, 50 చూపే కమ్మీ రెండు గీతల పొడవు. కంటికి రెండోది రెట్టింపు. నిజంగా పెరిగింది 5 మాత్రమే, అంటే తొమ్మిదో వంతు. ఎన్ని రెట్లు అన్న ప్రశ్నకు పొడవులు కొలిచి జవాబు చెప్పేవాళ్లు ఇక్కడ పడిపోతారు. ఇంకో చోట 0కీ 50కీ మధ్య నాలుగు భాగాలు ఉంటే ఒక్కో గీత 12.5. అలవాటు కొద్దీ 10 అనుకుని చదివితే ప్రతి జవాబూ కొద్దికొద్దిగా తప్పుతుంది. గీతలు కాదు, గీతల మధ్య ఖాళీలు లెక్కపెట్టాలి. పటచిత్రంలో ఒక బొమ్మ 8కి గుర్తయితే మూడు బొమ్మలు, ఒక పావు బొమ్మ అంటే 26. పావు బొమ్మను 1 అనుకోవడం, లేదా సగంలా కనిపించిందని 4 అనుకోవడం మామూలు తప్పులు.

శాతం పెరుగుదలలో హారం మళ్లీ తల ఎత్తుతుంది. ఒక క్లబ్బులో సభ్యులు మొదటి నెల 40, రెండో నెల 50, మూడో నెల 60. గీత ఒకే వాలులో పైకి పోతుంది, నెలకు పదేసి పెరిగారు. శాతం అడిగితే మాత్రం మొదటిసారి 40లో 10, అంటే 25. రెండోసారి 50లో 10, అంటే 20. తగ్గుదలలో కూడా అంతే: 50 నుంచి 40కి పడితే 20 శాతమే. ముందున్న సంఖ్యే మూలం.

వృత్తరేఖాచిత్రం ఒక్కటే ఉన్నప్పుడు పెద్దగా ఇబ్బంది లేదు. 360 డిగ్రీల్లో 72 అంటే అయిదో వంతు, 15 శాతం అంటే 54 డిగ్రీలు, ఇలాంటివి పది చేస్తే చేతికి అలవడతాయి. రెండు వృత్తాలు పక్కపక్కన పెట్టినప్పుడు జాగ్రత్త పడాలి. 400 మంది ఉన్న బడిలో 25 శాతం, 200 మంది ఉన్న బడిలో 40 శాతం చదరంగం ఆడతారనుకుంటే, రెండో వృత్తంలో ముక్క పెద్దది, మనుషులు మాత్రం మొదటి బడిలోనే ఎక్కువ: 100 మంది, 80 మంది. మొత్తాలు ఇవ్వకపోతే ఏ బడిలో ఎక్కువమంది అన్నది తేల్చలేం.

ఈ 'తేల్చలేం' అన్న జవాబు పిల్లలకు మింగుడుపడదు. ప్రశ్న అడిగారంటే జవాబు సంఖ్యే అయి ఉండాలని వాళ్ల నమ్మకం. ఐఎస్ఈఈ (అమెరికాలో ప్రైవేటు బడుల ప్రవేశ పరీక్ష) మిడిల్ స్థాయిలో రెండు నిలువు వరసల్లోని పరిమాణాలు పోల్చే ప్రశ్నలు ఉంటాయి. ఇచ్చిన సమాచారంతో తేల్చలేం అన్నది వాటిలో ఒక ఆప్షన్. దీనికి సోపాన రేఖాచిత్రం (మార్కులను గుంపులుగా చూపే హిస్టోగ్రామ్) మంచి సాధన. 0–9 మధ్య 4 మంది, 10–19 మధ్య 9 మంది, 20–29 మధ్య 7 మంది, 30–39 మధ్య 5 మంది, మొత్తం 25 మంది. మధ్యగతం 13వ వ్యక్తిది. 4 + 9 = 13, కాబట్టి అతడు 10–19లో చివరివాడు. మార్కు 19 అని చెప్పగలమా? చెప్పలేం, ఆ గుంపులో అతడిదే పెద్దదని మాత్రం తెలుసు. వ్యాప్తి 18 కావచ్చా? కాదు. మార్కులు పూర్ణసంఖ్యలే అనుకుంటే చిన్నది మహా అయితే 9, పెద్దది కనీసం 30, కాబట్టి వ్యాప్తి 21కి తగ్గదు, 39కి మించదు. ఏది తేలుతుంది, ఏది తేలదు, ఏది అసలు కుదరదు అని విడదీయడం వచ్చిన విద్యార్థికి ఈ రకం ప్రశ్నలంటే భయం పోతుంది.

సంభావ్యత

సంచిలో 3 ఎర్ర గోళీలు, 5 నీలం గోళీలు. ఎర్రది వచ్చే సంభావ్యత 3/8. 3/5 అన్నది ఎర్రవాటికి, నీలంవాటికి ఉన్న నిష్పత్తి. నిష్పత్తుల పాఠం వెంటనే సంభావ్యత మొదలుపెడితే ఈ కలగాపులగం ఖాయం, కాబట్టి రెంటి మధ్యా కొన్ని రోజుల ఎడం ఉంచడం మేలు. హారం రాసే ముందు 'సంచిలో మొత్తం ఎన్ని' అని పైకి అనడం చిన్న అలవాటే అయినా బాగా పనిచేస్తుంది. జవాబు 0కీ 1కీ మధ్య లేకపోతే లెక్క తప్పినట్టే, మళ్లీ చూడాల్సిన పని కూడా లేదు.

హారం లెక్కపెట్టడంలోనే జారిపోయే చోట్లు ఉన్నాయి. 10 నుంచి 30 వరకు కార్డులు అంటే 20 కాదు, 21. 1 నుంచి 20 వరకు ప్రధాన సంఖ్యలు 8; 1ని కలిపేసుకుంటే 9 అవుతాయి. 1 నుంచి 30 వరకు కార్డుల్లో 4 గుణిజం గానీ 6 గుణిజం గానీ వచ్చే సంభావ్యత అడిగితే, 4 గుణిజాలు 7, 6 గుణిజాలు 5, మొత్తం 12 అనేస్తారు. 12, 24 రెండు జాబితాల్లోనూ ఉన్నాయి. వాటిని ఒక్కోసారే లెక్కపెడితే 10, సంభావ్యత 1/3.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. అనుకూలమైనవి బై మొత్తం అన్న సూత్రం పనిచేయాలంటే అన్ని పర్యవసానాలూ సమానంగా వచ్చే అవకాశం ఉన్నవై ఉండాలి. తిరిగే చక్రంలో సగం ఎరుపు, పావు పసుపు, పావు ఆకుపచ్చ ఉంటే ఎరుపు సంభావ్యత 1/3 కాదు, 1/2. చక్రం దగ్గర కంటికి కనిపిస్తుంది కాబట్టి ఎవరైనా దిద్దుకుంటారు. నాణేల దగ్గర కనిపించదు. రెండు నాణేలు వేస్తే రెండూ బొమ్మ, రెండూ బొరుసు, ఒకటొకటి. మూడు రకాలే కాబట్టి ఒక్కోదానికి 1/3 అన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. ఇది పిల్లల తప్పు మాత్రమే కాదు. ఫ్రెంచి గణితవేత్త డాలంబేర్ 1754లో ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో నాణెం ఆట గురించి రాస్తూ, రెండు సార్లలో కనీసం ఒక్కసారి బొమ్మ పడే సంభావ్యత 2/3 అని వాదించాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట ముగిసింది, కాబట్టి ఉన్నవి మూడే దారులు: బొమ్మ, బొరుసు తర్వాత బొమ్మ, రెండూ బొరుసు. మూడింటిలో రెండు అనుకూలం అన్నాడు. కానీ మొదటి దారి ఒక్కటే సగం బరువు మోస్తుంది, మిగతా రెండూ పావు పావు. సరైన జవాబు 3/4. అంతటి గణితవేత్త కాలు జారిన చోట ఆరో తరగతి విద్యార్థి జారితే కోప్పడనక్కర్లేదు, ఎందుకు జారాడో కాగితం మీద చూపిస్తే చాలు.

చూపించే పద్ధతి సులువు. ఒక నాణేన్ని 'మొదటిది', ఇంకోదాన్ని 'రెండోది' అని పేరు పెట్టి, బొమ్మ–బొమ్మ, బొమ్మ–బొరుసు, బొరుసు–బొమ్మ, బొరుసు–బొరుసు అని నాలుగూ రాయాలి. పాచికలకైతే 6 × 6 గళ్ల పట్టిక. ఒక్కసారైనా 36 గళ్లూ చేత్తో నింపించాలి. విసుగనిపించినా దీనికి దగ్గరి దారి లేదు. మొత్తం 8 వచ్చే గళ్లు ఎన్ని? (2,6), (3,5), (4,4) అని మూడే చెప్పేవాళ్లుంటారు, తిరగేసినవి మరిచి. అన్నింటినీ తిరగేసి ఆరు అనేవాళ్లుంటారు, (4,4)ను రెండుసార్లు లెక్కపెట్టి. పట్టికలో చూస్తే అయిదు గళ్లు, 5/36. మొత్తాలు 2 నుంచి 12 వరకు పదకొండు రకాలు కాబట్టి హారం 11 అన్నది డాలంబేర్ తప్పే, కొత్త వేషంలో.

'కనీసం ఒకటి' అన్న మాట కనిపిస్తే ఎదురు దారిలో వెళ్లడం మంచిది. రెండు పాచికల్లో కనీసం ఒకటి 6 పడే సంభావ్యత 1/6 + 1/6 = 12/36 కాదు. రెండూ 6 పడిన గడి రెండుసార్లు లెక్కకు వచ్చేసింది. ఒక్కదానిలోనూ 6 పడనివి 5 × 5 = 25 గళ్లు, మిగిలినవి 11. జవాబు 11/36.

వరసగా రెండు తీసే ప్రశ్నలో మొదట వెతకాల్సిన మాట 'తిరిగి వేశారా'. 4 ఎర్రవి, 6 పచ్చవి ఉన్న సంచిలో నుంచి రెండు తీస్తే రెండూ ఎర్రవయ్యే సంభావ్యత: తిరిగి వేస్తే 4/10 × 4/10 = 4/25, వేయకపోతే 4/10 × 3/9 = 2/15. రెండో భిన్నంలో లవం తగ్గించి హారం తగ్గించడం మరిచిపోయి 4/10 × 3/10 రాయడం చాలా మామూలు. సంచి బొమ్మ గీసి, తీసిన గోళీని కొట్టివేసి, మిగిలినవి మళ్లీ లెక్కపెట్టిస్తే ఆ తప్పు ఆగిపోతుంది.

వెనక్కి నడిచే ప్రశ్నలు కూడా వస్తాయి. ఎర్రది వచ్చే సంభావ్యత 2/5, ఎర్రవి కానివి 12. మొత్తం ఎన్ని? 12 అన్నది మొత్తంలో 3/5, కాబట్టి మొత్తం 20, ఎర్రవి 8. ఇక్కడితో ఆగకుండా ఇంకో మెట్టు అడుగుతారు: ఎర్రదాని సంభావ్యత 1/2 కావాలంటే ఇంకెన్ని ఎర్రవి కలపాలి? 20లో సగం 10, కాబట్టి 2 అన్నది తొందరపాటు జవాబు. 2 కలిపితే మొత్తం కూడా 22 అవుతుంది, 10/22 సగం కాదు. ఎర్రవి కానివి 12 అలాగే ఉంటాయి కాబట్టి ఎర్రవి కూడా 12 కావాలి, కలపాల్సినవి 4. మారని భాగాన్ని పట్టుకుంటే ఇలాంటివి నోటి లెక్కే.

ప్రయోగంలో వచ్చిన సంభావ్యతను, లెక్కలో వచ్చినదాన్ని కలపకూడదు. చక్రాన్ని 60 సార్లు తిప్పితే 24 సార్లు నీలం వచ్చిందంటే ప్రయోగ సంభావ్యత 2/5, 200 సార్లకు అంచనా 80. అదే చక్రంలో నాలుగు సమాన భాగాలుండి ఒకటే నీలమైతే లెక్క ప్రకారం 1/4. ప్రశ్న ఏది అడిగిందో 'ఈ ఫలితాల ఆధారంగా' అన్న మాట చెబుతుంది. నిక్కమైన నాణెం అయిదుసార్లు వరసగా బొమ్మ పడితే ఆరోసారి బొరుసు పడే అవకాశం పెరగదు, 1/2గానే ఉంటుంది.

సాధన

మొదటి రోజు టైము పెట్టకుండా అన్ని రకాలూ కలిసిన 20 ప్రశ్నలు చేయించాలి. తప్పుల పక్కన మూడు గుర్తుల్లో ఒకటి రాయాలి: హారం తప్పితే 'హా', ప్రశ్న గానీ బొమ్మ గానీ సరిగా చదవకపోతే 'చ', లెక్క తప్పితే 'లె'. 'లె' గుర్తులు ఎక్కువున్నవాళ్లకు ఈ విభాగం ప్రశ్నలు ఇంకా గుప్పించడం వల్ల లాభం లేదు, వాళ్లకు కావాల్సింది భిన్నాల గుణకారం. 'చ' ఎక్కువున్నవాళ్లు ప్రశ్నలో చివరి వాక్యం కింద గీత గీయాలి. 'ఎన్ని ఎక్కువ' అన్నచోట 'ఎన్ని రెట్లు' లెక్కకట్టేది వీళ్లే. 'హా' ఎక్కువుంటే పైన చెప్పినవన్నీ వాళ్ల కోసమే.

పుస్తకంలో లెక్కల కంటే ఎక్కువ పనిచేసేది తిరగేసిన లెక్క. అయిదు పూర్ణసంఖ్యలు రాయాలి, సగటు 8, మధ్యగతం 7, బాహుళకం 5 మాత్రమే కావాలి. బాహుళకం 5 కాబట్టి మొదటి రెండూ 5, మూడోది 7. మొత్తం 40, ఇంకా 23 మిగిలింది. మిగిలిన రెండూ 7 కంటే పెద్దవి, వేరువేరు. 8, 15 నుంచి 11, 12 వరకు నాలుగు జతలు కుదురుతాయి. వ్యాప్తి మహా అయితే 10, కనీసం 7. ఇలాంటిది ఒకటి చేస్తే మూడు నిర్వచనాలూ ఒకేసారి పరీక్షకు నిలబడతాయి. పాచికలను నిజంగా 72 సార్లు వేసి మొత్తాలను గణన చిహ్నాలతో నమోదు చేయడం ఇంకోటి. లెక్క ప్రకారం 7 పన్నెండుసార్లు, 2 రెండుసార్లు రావాలి. సరిగ్గా అలా రాదు, కానీ నడుమ ఎత్తుగా, చివరలు పల్లంగా ఉండే కొండ ఆకారం చాలాసార్లు కంటికి కనిపిస్తుంది. గణన చిహ్నాలు, పౌనఃపున్య పట్టిక, గ్రాఫు, సంభావ్యత నాలుగూ ఆ ఒక్క కాగితం మీద కలుస్తాయి.

రెండో వారం నుంచి టైము. ఐఎస్ఈఈ మిడిల్ స్థాయి గణితం విభాగంలో 40 నిమిషాల్లో 47 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 51 సెకన్లు. క్యాలిక్యులేటర్ ఉండదు. గ్రాఫు ప్రశ్నకు ఆ టైము చాలదు. ఆ సెకన్లు మధ్యగతం, వ్యాప్తి లాంటి చిన్న ప్రశ్నల్లో మిగల్చాలి. 1/8 అంటే 12.5 శాతం, 3/8 అంటే 37.5, 1/6 అంటే దాదాపు 16.7 అన్నవి నోటికి వచ్చి ఉంటే కొంత కలిసొస్తుంది.

తెలియని ప్రశ్నకు ఊహించి గుర్తు పెట్టాలా వద్దా అన్నది కూడా సంభావ్యత లెక్కే, పిల్లల చేత చేయించదగ్గది. ఐఎస్ఈఈలో తప్పుకు కోత లేదు, నాలుగు ఆప్షన్లు. ఒక్కటీ ఖాళీగా వదలకూడదు. అలాంటిదే ఇంకో ప్రవేశ పరీక్ష ఎస్ఎస్ఏటీ మిడిల్ స్థాయిలో అయిదు ఆప్షన్లతో, తప్పుకు పావు మార్కు కోతతో నడుస్తూ వచ్చింది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి రాయబోయే ఏడాది కరదీపిక చూసుకోవాలి. కోత ఉన్నచోట కళ్లు మూసుకుని గుర్తిస్తే అయిదింటిలో ఒకసారి 1 మార్కు వస్తుంది, నాలుగుసార్లు పావు చొప్పున పోతుంది: 1/5 − 4/5 × 1/4 = 0. లాభం లేదు, నష్టం లేదు. ఒక్క ఆప్షన్‌ను ఖాయంగా కొట్టివేయగలిగితే 1/4 − 3/4 × 1/4 = 1/16, లాభం వైపు తిరిగింది. రెండు కొట్టివేస్తే 1/3 − 2/3 × 1/4 = 1/6. రెండు తరగతుల సగటు లెక్కలో 'జవాబు 75 కంటే తక్కువే' అన్న ఒక్క అంచనా రెండు ఆప్షన్లు కొట్టివేసింది. మిగతా లెక్క చేసే టైము లేకపోయినా, గుర్తు పెట్టి ముందుకు కదలడానికి అది సరిపోతుంది.